రెండోసారి అడగని ఊరు

పన్నెండింటికి హాస్టల్‌కి తాళం పడుతుంది. పడిందంటే మళ్ళీ జనవరి సగం పోయేదాకా తెరవరు. ఆ తాళం సంగతి ఎమెబెత్‌కి తెలిసినట్టు ఈ అమెరికా కాలేజీలో ఇంకెవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు, ఎందుకంటే అందరికీ ఇళ్ళున్నాయి, ఇళ్ళకి కార్లున్నాయి, కార్లలో అమ్మలూ నాన్నలూ ఉన్నారు, పొద్దుట్నుంచీ వచ్చి మాసిన బట్టల సంచులతో సహా పిల్లల్ని ఎక్కించుకుని పోతున్నారు. కిందిహాల్లో కిటికీ పక్క సోఫాలో కూర్చుని ప్రొఫెసర్ విట్‌మర్ కారు కోసం చూస్తోంది ఎమెబెత్. ప్రొఫెసరుగారు సెలవలకి ఎండ కాసే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి పోతోంది. ఇల్లు కనిపెట్టుకుని ఉండమని ఎమెబెత్‌కి అప్పజెప్పింది. ఒక ముసలి పిల్లికి తిండి పెట్టాలి, చలికి గొట్టాలు పగలకుండా కొళాయి సన్నగా వదిలిపెట్టాలి, అంతే పని. పై గదిలో ఒక మంచం, కింద గదిలో ఒక మంచం. తోడెవరైనా కావాలంటే తెచ్చుకో, నాకేం అభ్యంతరం లేదు అని కూడా అంది. ఎదురు సోఫాలో లెమ్లెమ్ కూర్చుంది. అడిస్ అబాబా పిల్ల, ఎమెబెత్ వాళ్ళ ఊరే, వాళ్ళ పేటే, ఈ ఏడాదే చేరింది. దాని కాళ్ళ దగ్గరా ఒక సూట్‌కేసు ఉంది. పోవడానికి చోటు మాత్రం లేదు. ఆ బెంగ ఆ పిల్ల మొహంలో వెతికినా కనబడదు, నింపాదిగా గోళ్ళు చూసుకుంటోంది, మధ్యమధ్య తలెత్తి ఎమెబెత్‌ని చూసి నవ్వుతోంది.

ఎందుకు నవ్వదు. అక్క ఉంది కదా. అక్కకి ఇల్లు దొరికింది, ఇంట్లో రెండో మంచం ఉంది, ఆ మాట పోయిన వారం ఎమెబెత్తే నోరు జారింది, జారిన మరుక్షణం నాలుక కరుచుకుంది, లెమ్లెమ్ మాత్రం ముసలావిడ మంచిదిలా ఉందే అని ఊరుకుంది. అలా ఊరుకోవడమంటే తమవాళ్ళలో ఏమిటో ఎమెబెత్‌కి తెలీదా. అడగదు. చచ్చినా అడగదు. అడగందే అమ్మయినా పెట్టదు అనే సామెత ఏ దేశపు పిసినారి అమ్మని చూసి పుట్టించారో గానీ, తమ గుల్లెలె పేటలో అడిగేదాకా ఊరుకున్న అమ్మ లేదు. ఆడపిల్ల నోరు తెరిచి నన్నూ తీసుకుపో అనడమంటే నడివీధిలో పరువు పారబోసుకోవడమే. అడగాల్సింది అవతలివాళ్ళు. ఒకసారి అడిగితే వద్దనాలి, ఇంకోసారి అడిగితే అయ్యో మీకెందుకు శ్రమ అనాలి, ఆ పైన 'నేను చచ్చినంత ఒట్టు, రాకపోతే చూడు' అని చెయ్యి పట్టుకు లాగితే అప్పుడు, ఇక తప్పదు గనక అన్నట్టు తల వంచుకుని వెనకాల నడవాలి. మొదటి పిలుపుకే సరే అన్నవాణ్ణి తిండికి మొహంవాచినవాడంటారు. మొదటి వద్దుకే ఊరుకున్నవాణ్ణి ఏమంటారో ఎమెబెత్‌కి తెలీదు, అలాంటివాడు తమ పేటలో పుట్టలేదు గనక వాడికెవరూ పేరు పెట్టలేదు.

అలాంటివాళ్ళు ఒక ఊరి నిండా ఉంటారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మంచివాళ్ళే, ఆ మాటకొస్తే. డార్సీ మంచిదే. మొదటి ఏడాది రూమ్మేటు, పైన మూడో అంతస్తులో, మంచం మీద మేజోళ్ళు జతలు కలిపి మడుస్తూ అడిగింది, సెలవలకి మా ఇంటికి రాకూడదూ, మా అమ్మ కూడా రమ్మంటోంది అని. ఎంత సంతోషమేసిందో. ఆ సంతోషం మొహంలో కనబడకుండా అటు తిరిగి, వద్దులే డార్సీ, మీకెందుకు ఇబ్బంది అంది, ఎంత ముద్దుగా అందో, తన అమ్మ విని ఉంటే పిల్లని బాగా పెంచుకున్నాననుకునేది. సరే అయితే, అంది డార్సీ. మేజోళ్ళు మడవడం ఆగలేదు. ఎమెబెత్ కాచుకుంది. ఆ పూటకి ఆ పిల్లకి పనుంది కాబోలు, రేపు అడుగుతుంది. భోజనాల హాల్లో ఎదురుగా కూర్చుని కాచుకుంది, స్నానాలగదిలో పళ్ళు తోముకుంటూ అద్దంలో కాచుకుంది, డార్సీ నోరు తెరిచినప్పుడల్లా గుండె ఒక మెట్టు ఎక్కేది. ఒకనాడు ఎమీ, అన్నట్టు మర్చిపోయా అంది, పూర్తి పేరు పలకడం బద్ధకమై అలా పిలిచేది, ఎమెబెత్ పుస్తకం మూసి నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఇటు తిరిగింది, నా షాంపూ వాడావా అనడిగింది డార్సీ. వాళ్ళ నాన్న కారు కింద హారన్ కొట్టేదాకా కాచుకుంది. కౌగిలించుకుని, సెలవలు హాయిగా గడుపు అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది డార్సీ. అప్పుడు కూడా తలుపు దగ్గరే నిలబడింది ఎమెబెత్, సగం మెట్లు దిగి వెనక్కొస్తుందని. అసలైన పిలుపు గుమ్మం దాటాకే కదా వచ్చేది, తమ ఇళ్ళలో చుట్టాలు వెళ్ళొస్తామని లేచాకే కదా అసలు భోజనం.

కిటికీ అవతల మంచు కురుస్తోంది. ఏ కారూ లేదు. చేతిలో తాళాలగుత్తితో హాస్టల్ చూసుకునే మనిషి వచ్చి, గదులన్నీ చూసేశాను, మీరిద్దరే మిగిలారు, ఇద్దరికీ వెళ్ళడానికి చోటుందిగా అనడిగాడు. లెమ్లెమ్ కళ్ళు ఎమెబెత్ వైపు తిప్పింది, పెద్దవాళ్ళుండగా తను మాట్లాడకూడదన్నట్టు. ఉందండీ అంది ఎమెబెత్. ఎందుకందో ఆమెకే తెలీదు. ఆ ఒక్క మాటతో లెమ్లెమ్ వీపు సోఫాకి ఆనింది, కాళ్ళు చాపుకుంది, ఊపిరి వదిలింది. అంటే లోపల ఎక్కడో బెంగ ఉందన్నమాట, ఇప్పుడది పోయిందన్నమాట. పిచ్చి మొహం, అనుకుంది ఎమెబెత్, కోపమూ జాలీ ఏది ముందు వచ్చిందో తెలీలేదు, ఏదైతేనేం రెండూ వచ్చాయి. తీసుకుపోతాను, తీసుకుపోక ఏం చేస్తాను, వీధిలో పెడతానా. ఆ ఇంట్లో కింద వంటగది పెద్దది, లెమ్లెమ్ వాళ్ళమ్మ పంపిన మిరపకారం దాని సంచిలో ఉండే ఉంటుంది, శనగపిండి పులుసు కాచుకోవచ్చు, కాఫీ గింజలు మూకుట్లో వేయించుకోవచ్చు, పొగకి అలారం కొడితే తువ్వాలుతో విసురుతూ నవ్వుకోవచ్చు. తమ పండగ జనవరిలో వస్తుంది, ఇక్కడివాళ్ళ క్రిస్మస్ చెట్లన్నీ చెత్తబండి ఎక్కాక, దానికి కూడా ఇద్దరుంటారు. తమ భాషలో ఆవులించొచ్చు. అది తలుచుకుంటే నిజంగానే బాగుంది, కడుపులో వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనం మీదే ఎమెబెత్‌కి ఒళ్ళు మండింది.

ఎందుకంటే తను పడింది అదికాదు. డార్సీ కారు వెళ్ళిన రోజు ఎమెబెత్ బయటికి పోలేదు. పోవడానికి లేదు. ఎవర్నీ అడగలేదు, ఆఫీసుకి పోయి నాకు చోటు లేదండీ అనాలంటే నోరు రాలేదు, వాషింగ్టన్‌లో బాబాయి ఉన్నాడని అందరికీ చెప్పి ఉంది, లేని బాబాయిని పుట్టించింది. గదిలో దీపం ఆర్పి, మంచానికీ గోడకీ మధ్య పడుకుంది. తాళం పడ్డ చప్పుడు కిందినుంచి వినబడింది. వేడి తగ్గించేశారు, గొట్టాలు చల్లారుతూ టకటకమన్నాయి, ఉన్న కోట్లన్నీ తొడుక్కుని డార్సీ దుప్పటి కూడా కప్పుకుంది, దాంట్లో డార్సీ షాంపూ వాసన. కాపలావాడు టార్చిలైటుతో తిరిగేవాడు, అడుగుల చప్పుడు వస్తే మరుగుదొడ్లోకి పోయి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేది, వాడు ఈల వేసుకుంటూ తలుపులు నెట్టి చూసి పోయేవాడు. ఉప్పు బిస్కెట్లు, వేరుశనగ ముద్ద, కొళాయి నీళ్ళు. నెలసరి వచ్చింది, గుడ్డలు ఉతుక్కోవడానికి నీళ్ళ చప్పుడు అవుతుందేమోనని భయం. అమ్మ ఫోను చేసేది. ఫోను దుప్పట్లో పెట్టుకుని గుసగుసగా మాట్లాడేది, ఎందుకే అంత మెల్లగా అంటే, ఇంట్లో అందరూ పడుకున్నారమ్మా అనేది. చెట్టు ఎంతుంది, కోడి ఎంతుంది, డార్సీ వాళ్ళమ్మ ఏం పెట్టింది. అన్నీ చెప్పింది. ఆవిడ బలవంతం చేసి పెడుతోందమ్మా, వద్దన్నా వినదు అని చెప్పింది. అమ్మ ఏడ్చింది సంతోషానికి. ఏ తల్లి కన్న బిడ్డో, మన బిడ్డకి ముద్ద పెడుతోంది అని ఆ తల్లి పేరున మరియమ్మ గుడిలో దణ్ణం పెట్టుకుంది.

దణ్ణంతో పోతే పోయేది. మరుసటి ఏడాది ఎవరో వస్తుంటే వాళ్ళ చేత శాలువా పంపింది, తెల్లటి నూలు నెతెలా, అంచుకి బంగారు రంగు దారం, మేనమామ దగ్గరుండి నేయించాడట, మా అమ్మాయికి నీడనిచ్చిన తల్లికి అని చెప్పి. ఎమెబెత్ దాన్ని ట్రంకు అడుగున దాచేసి ఉండొచ్చు. దాచలేకపోయింది, అమ్మ మాట పాడుచేసినట్టవుతుందని డార్సీకిచ్చి, మీ అమ్మగారికి మా అమ్మ పంపింది అంది. అబ్బ ఎంత బాగుందో, ఇంతకీ ఎందుకు అంది డార్సీ. ఊరికే అంది ఎమెబెత్. ఆ అమ్మాయి మంచిదని ఇందాకే చెప్పాను, మంచితనానికేం లోటు, శాలువా వాళ్ళ అమ్మదాకా చేరలేదు అంతే. వసంతకాలంలో పిల్లలంతా దుప్పట్లు కట్టుకుని రోమనుల వేషాలు వేసి తాగుతారే, ఆ పార్టీలో కనబడింది నెతెలా, డార్సీ ఒంటికి చుట్టుకుని ఉంది, రొమ్ముల దగ్గర పిన్నీసు పెట్టి, మోకాళ్ళ దగ్గర మడ్డి రంగు సారా మరక. ఎమెబెత్‌ని చూసి చేతులు చాపి, చూడు ఎంత పనికొచ్చిందో అని అరిచింది. ఎమెబెత్ నవ్వింది. నవ్వడం అప్పటికి బాగా వచ్చేసింది.

నవ్వడంతోపాటు మిగతావీ వచ్చాయి. ఇంకొంచెం వడ్డించమంటావా అంటే వడ్డించు అనడం. నాకు కావాలి అనడం, మొహం మొహంలోకి చూసి, కళ్ళు దించకుండా. ప్రొఫెసర్ విట్‌మర్ ఇంటి సంగతి ఎత్తగానే, ఆవిడ వాక్యం పూర్తి కాకముందే ఉంటాను అనేసింది, ఆవిడ ముచ్చటపడింది. మొహమాటం అనేది చర్మంలా పుట్టుకతో వచ్చిందనుకుంది గానీ కాదు, చొక్కాలాంటిదే, విప్పితే వచ్చేసింది. వచ్చేటప్పుడు నొప్పి పెట్టిన మాట నిజం.

ఆ తర్వాత లెమ్లెమ్ దిగింది. విమానం దిగిన రోజే వాళ్ళమ్మ ఫోనులో మొహం చూపించి, మొహం కూడా కాదు, సగం నుదురూ ఒక చెవీ, అమ్మా ఎమెబెత్, నా బిడ్డని నీ చేతిలో పెడుతున్నాను, ఇక నువ్వే దానికి అమ్మవి, దేవుడి ముందు అప్పగింత అంది. ఆ మాట ఊరికే అనే మాట కాదు, తమవాళ్ళలో అప్పగింత పెట్టిన వస్తువుని మనిషి చచ్చినా తిరిగివ్వాలి, కాజేసినవాణ్ణి భూమి మోయదంటారు. తప్పకుండా అమ్మా, నా చెల్లెలే కదా అంది ఎమెబెత్. ఆ రోజు ఆ మాట నిజంగానే అంది. కొన్నాళ్ళపాటు నిజంగానే చూసింది కూడా, కోటు కొనిపెట్టింది, బస్సు చూపించింది. కానీ ఆ పిల్లకి నేర్పక్కర్లేకపోయింది. అదే కడుపుమంట. వచ్చీ రాని ఇంగ్లీషుతో అందర్నీ నవ్వించేది, దాని పూర్తి పేరు అందరూ పలికేవాళ్ళు, రెండు మెత్తటి ముక్కలు, ఎవరి నాలుకైనా తిరుగుతుంది. అక్కా అక్కా అని భోజనాల హాల్లో వెతుక్కుంటూ వచ్చి, డార్సీ వాళ్ళ బల్ల దగ్గర, ఎమెబెత్ కష్టపడి సంపాదించుకున్న కుర్చీ పక్కన ఇరుక్కుని కూర్చునేది. ఒకనాడు డబ్బా తెచ్చింది. అమ్మ పంపిన ఎండు ఇంజెరా రొట్టె కారంలో నానబెట్టి తాలింపు పెట్టిందట. మూత తీయగానే బల్లంతా ఆ వాసన. చేత్తో ముద్ద చుట్టి, అందరి ముందూ, ఎమెబెత్ నోటిదగ్గర పెట్టింది. తినక్కా, నేను చచ్చినంత ఒట్టు. ఎమెబెత్ మొహం పక్కకి తిప్పుకుంది. ముద్ద జారి తెల్ల జాకెట్టు మీద పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యో ఎంత ముద్దుగా ఉందో, మీవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తినిపించుకుంటారా అంది డార్సీ. లెమ్లెమ్ కూడా నవ్వేసి, అక్క జాకెట్టు తన చేతిరుమాలుతో తుడవబోయింది. ఎమెబెత్ ఆ చేతిని విదిలించింది. మరక ఇప్పటికీ పోలేదు, మరక సంగతి అలా ఉంచు, ఆ వాసనకి ఎమెబెత్ నోట్లో నీళ్ళూరాయి, అదీ అసలు బాధ. గదికిపోయి ఏడ్చింది, ఆ ముద్ద కోసం.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. డార్సీని ఒక్కనాడూ ఏమీ అనలేదు ఎమెబెత్, ఇప్పటికీ పుట్టినరోజుకి కార్డు ఇస్తుంది.

నవంబరులో లెమ్లెమ్ పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది, మా రూమ్మేటు సెలవలకి వాళ్ళింటికి పిలిచిందక్కా అని. నువ్వేమన్నావు అంది ఎమెబెత్, ఏమని ఉంటుందో తెలిసి. వద్దన్నాను, మొదటిసారే ఎలా ఒప్పుకుంటాం, మళ్ళీ పిలుస్తుందిగా, అప్పుడు చూద్దాం. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పిచ్చిదానా, ఇక్కడ మళ్ళీ అనేది లేదు, పద, ఇప్పుడే పోయి వస్తానని చెప్పు, నేను తోడొస్తా. ఈ వాక్యం మొత్తం ఎమెబెత్ నోట్లోకి వచ్చింది, నాలుక చివరదాకా వచ్చింది. గ్లాసెత్తి నీళ్ళు తాగింది. నీళ్ళతోపాటు అది లోపలికి పోయింది. పోతుంటే హాయిగా ఉంది, ఒప్పుకోవాలి, ఎక్కడో దురదున్న చోట గోరు తగిలినట్టు హాయి. సెలవలకి ఎక్కడికీ పోలేని పిల్లల కోసం కాలేజీవాళ్ళు ఒక భవనం తెరిచి ఉంచుతారు, ముందే పేరిచ్చుకోవాలి, గడువు గోడమీద అంటించారు, ఎమెబెత్ రోజూ దాని ముందునుంచే నడిచింది, లెమ్లెమ్ భుజం మీద చెయ్యేసి నడిచింది, గడువు దాటిపోయింది. రూమ్మేటు నిన్న మధ్యాహ్నం వెళ్ళిపోయింది. సాయంత్రం భోజనాల దగ్గర లెమ్లెమ్ గిన్నెలో చెంచా తిప్పుతూ, ఇక్కడ వాళ్ళు భలే తొందరగా నమ్మేస్తారక్కా మనం వద్దంటే అంది. అంతే. రాత్రి పెట్టె సర్దుకుంది, పొద్దున్నే కిందికి తెచ్చి అక్క ఎదుట కూర్చుంది.

నాలుగేళ్ళు ఇలాగే చదివేస్తుంది ఇది. ఎవరో ఒకరు పక్కనుంటారు, ఎవరో ఒకరు మూడోసారి అడుగుతారు, మరుగుదొడ్లో కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం అంటే తెలీకుండానే పట్టా పుచ్చుకుని, టోపీ ఎగరేసి, వాళ్ళమ్మకి ఫోనులో చూపించి, అమెరికావాళ్ళు ఎంతో మంచివాళ్ళమ్మా అంటుంది. తను మాత్రం. తనకెవరున్నారని. తనకి ఒక్క ఏడాది ముందు గుల్లెలె నుంచి ఒక్క పిల్ల వచ్చి ఉంటే, ఒక్క అక్క. లేదు. తను పడింది అది ఎందుకు పడకూడదు. పడితే చస్తుందా, తను చచ్చిందా. ఏదో ఒకటి చేసుకుంటుంది, ఆఫీసు తలుపు కొడుతుంది, నోరు తెరిచి అడుగుతుంది, అడగడం వస్తుంది, అది మేలే కదా దానికి, మేలు చేస్తున్నాను. ఛీ. ఏం మాటలివి, దేవుడి ముందు అప్పగింత, ఆ సగం నుదురు, ఆ చెవి. అడుగుతాను. అడగకుండా ఉండను. అడిగానా లేదా అని రేపెవరైనా అంటే, ఆ తల్లే అంటే, అడిగాననాలి. ఒకసారి అడుగుతాను.

ఒకసారి, అనుకున్నాక లోపలంతా నిశ్శబ్దమైపోయింది.

మంచులోంచి ప్రొఫెసర్ విట్‌మర్ ఆకుపచ్చ కారు మెల్లగా వచ్చి వాకిట్లో ఆగింది. ఎమెబెత్ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. లెమ్లెమ్ కూడా లేచింది, లేచి బట్టలు సర్దుకుని, ఎదురుచూస్తూ నిలబడింది. ఇంగ్లీషులో అడిగితే ఆ పిల్ల జాగ్రత్తపడేదేమో, ఇంగ్లీషులో అవునంటే అవును కాదంటే కాదు అని ఈ నాలుగు నెలల్లో కొంచెం తెలిసే ఉంటుంది, ఒకవేళ వస్తాననేసేదేమో. ఎమెబెత్ తమ భాషలోనే అడిగింది, అమ్మలు అడిగినంత మెత్తగా.

"నువ్వూ వస్తావా, చెల్లీ?"

"వద్దక్కా. నీకెందుకు శ్రమ, ఆవిడేమైనా అనుకుంటుంది" అంది లెమ్లెమ్. అంటూనే తల వంచుకుంది, చెవులు ఎర్రబడ్డాయి, పెదాలు నవ్వు ఆపుకుంటున్నాయి, కుడిచెయ్యి దానంతటదే సూట్‌కేసు పిడి మీదికి పోయి దాన్ని పట్టుకుంది. ఎమెబెత్ ఆ చేతిని చూసింది. బాగా చూసింది. వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకోవడం చూసింది.

"నీ ఇష్టం" అంది.

లెమ్లెమ్ తలెత్తలేదు. ఇంకా ఏదో వస్తుందని విన్నట్టు, ఒక చెవి కొంచెం ఇటు తిప్పి నిలబడింది. ఏమీ రాలేదు. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంది, తీసెయ్యాలని తెలీక. అప్పుడు తన సూట్‌కేసు వదిలేసి, వంగి ఎమెబెత్ సూట్‌కేసు ఎత్తుకుంది. చిన్నవాళ్ళుండగా పెద్దవాళ్ళు బరువు మోయకూడదు కదా. వద్దనలేదు ఎమెబెత్. తలుపు తీసి పట్టుకుంది. మంచులో, కాలికి పల్చటి ఇంటిచెప్పులతో, ఆ పిల్ల పెట్టె మోసుకుంటూ ముందు నడిచింది, ఎమెబెత్ వెనకాల నడిచింది, పాదాల వెనక మంచు అంటుకోవడం చూస్తూ. గుమ్మం దాటాక అడుగుతుందనుకుంటోంది ఇది, అనుకుంది. కారు దగ్గర అడుగుతుందనుకుంటోంది. తెలుసు, ప్రతి అడుగూ తెలుసు, ఇంత బాగా ఇంకో మనిషి మనసు తెలియడం ఎమెబెత్‌కి జన్మలో మళ్ళీ జరగదు.

ప్రొఫెసరుగారు దిగి డిక్కీ తెరిచింది. లెమ్లెమ్ పెట్టె లోపల పెట్టి, ఎడంచెయ్యి కుడి మోచేతి కింద ఆనించి, వంగి ఆవిడతో చెయ్యి కలిపింది. ఎంత మర్యాదగల పిల్ల అంది ఆవిడ, నీ స్నేహితురాలా, సెలవలకి ఈ అమ్మాయెక్కడికి వెళ్తోంది. లెమ్లెమ్ ఎమెబెత్ వైపు చూసింది. ఇదే ఆఖరి గుమ్మం, ఇద్దరికీ తెలుసు.

"వాళ్ళ చుట్టాలొస్తున్నారండీ" అంది ఎమెబెత్, ఇంగ్లీషులో. "కాసేపట్లో వచ్చి తీసుకుపోతారు."

పరాయివాళ్ళ ముందు పెద్దదాని మాట కాదనడం ఆ పిల్లకి నేర్పలేదు. మంచిది మంచిది అంటూ ఆవిడ డ్రైవరు సీట్లోకి ఎక్కింది. ఎమెబెత్ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అద్దానికి అవతల లెమ్లెమ్ రెండు అడుగులు కారుతోపాటు నడిచి ఆగిపోయింది, చేతులు రెండూ ముందుకి చాచి, పిలవడానికా ఆపడానికా తెలియనట్టు. వేళ్ళమీద మంచు పడుతోంది. హాస్టల్ తలుపు దగ్గర తాళాలగుత్తి మనిషి ఆ పిల్ల సూట్‌కేసు బయటపెట్టి గడియారం చూసుకుంటున్నాడు.

ఆవిడ బ్రేకు మీద కాలు వేసింది. "ఆ అమ్మాయి అలా నిలబడే ఉందేమిటి? ఏమైనా కావాలేమో, ఆగమంటావా?"

"లేదండీ, అది మా ఆచారం. పోయేవాళ్ళు కనుమరుగయ్యేదాకా అలా నిలబడతాం."

"ఎంత బాగుందీ ఆచారం" అంది ప్రొఫెసర్ విట్‌మర్. నిజంగానే మనసు కరిగి, అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి ఆ పిల్లకేసి చాలాసేపు ఊపింది. అద్దం ఎక్కించాక, చలిగా ఉందా, హీటరు పెంచమంటావా అనడిగింది.

"పెంచండి" అంది ఎమెబెత్.